18 క్యారెట్ల ఎర్ర బంగారం పగలకుండా పని చేయడం ఎలా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం... ఏ ఊరి నుంచి ఫోను వచ్చినా ప్రశ్న ఒకటే. "22 క్యారెట్లలో ఏళ్ల తరబడి పని చేస్తున్నాం, వస్తువు ఎప్పుడూ పగలలేదు. రాగి కలిపిన 18 క్యారెట్ల ఎర్ర బంగారం పట్టుకుంటే మాత్రం సుత్తి దెబ్బకు చీలుతోంది. లోపం రాగిలో ఉందా, బంగారంలో ఉందా?" చాలాసార్లు రెండూ మంచివే. కరిగించడంలోనూ తప్పు ఉండదు. కాల్చిన లోహాన్ని పక్కన పెట్టి, అదే చల్లారుతుందిలే అని వదిలేసిన ఆ పది నిమిషాల్లో చెడిపోతుంది.

బరంపురంలో నేను చేసిన మొదటి ఎర్ర బంగారు కడియం ఇలాగే పోయింది. ఠకురాణి యాత్రకు వారం ముందు ఇవ్వవలసిన వస్తువు. మెత్తబడాలని ఎర్రగా కాల్చి, కుంపటి అంచున బూడిద మీద పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చి వంచబోతే టక్కున రెండు ముక్కలైంది. బూడిదలో చల్లార్చడం నాన్నగారు నేర్పిన పద్ధతి, 22 క్యారెట్లకు అది సరైనదే. ఎర్ర బంగారానికి మాత్రం అదే శత్రువు. ఆ సంగతి నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని అనిపించింది కాబట్టి, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఎందుకు పగులుతుందో ఒక్క మాటలో

బంగారం పరమాణువు రాగి పరమాణువు కన్నా సుమారు మూడు రెట్లు బరువు. 18 క్యారెట్లలో బంగారం 75 పాళ్లు, రాగి 25 పాళ్లు, అంటే బరువులో మూడింటికి ఒకటి. దీన్ని పరమాణువుల లెక్కలోకి మారిస్తే రెండూ దాదాపు సమానం: నూటికి 49 బంగారం, 51 రాగి. ఈ సమానత్వంలోనే చిక్కంతా ఉంది.

ఎర్రగా కాలినప్పుడు ఈ పరమాణువులు కలగాపులగంగా ఉంటాయి. 410 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే, పెళ్లి భోజనాల బంతిలో ఒక వరుస ఆడవారు, ఒక వరుస మగవారు కూర్చున్నట్టు, ఒక పొర బంగారం, ఒక పొర రాగిగా సర్దుకోవడం మొదలవుతుంది. 385 డిగ్రీల కిందికి వస్తే ఆ సర్దుబాటు స్థిరపడి, లోహపు స్ఫటికం ఒక దిక్కున మిగతా దిక్కులకన్నా సుమారు 7 శాతం కుదించుకుపోతుంది. పక్కపక్కనున్న స్ఫటిక రేణువులు వేర్వేరు దిక్కుల్లో కుదించుకోవడంతో వాటి మధ్య లాగుడు పుట్టి లోహం గట్టిపడుతుంది, దెబ్బ తగిలితే రేణువుల అంచుల వెంట విడిపోతుంది. 22 క్యారెట్లలో ఏడు బంగారం పరమాణువులకు రెండే రాగి పరమాణువులు. ఇలా ఒకటి విడిచి ఒకటి వరుస కట్టడానికి సరిపోయే రాగి అక్కడ లేదు. అందుకే మీ పాత అలవాటు అక్కడ చెల్లింది.

నీళ్లలో ముంచితే పరమాణువులకు సర్దుకునే వ్యవధి దొరకదు. కలగాపులగంగానే నిలిచిపోతాయి, లోహం మెత్తగా ఉంటుంది. ఇంతకన్నా సిద్ధాంతం పనికి అక్కర్లేదు.

ఏమేం కావాలి

మేలిమి బంగారం, 999 లేదా 995 (వెయ్యి పాళ్లలో అన్ని పాళ్లు బంగారం). దాని రసీదు మీద శుద్ధత స్పష్టంగా రాసి ఉండాలి. రాగి కోసం కొత్త కరెంటు తీగ లోపలి రాగి వాడండి. ప్లాస్టిక్ తొడుగు ఒలిచి, గీకి, శుభ్రం చేసుకోండి. తగరం పూత ఉన్న తెల్లటి తీగ వద్దు, మోటారు చుట్టల నుంచి తీసిన వార్నిష్ తీగ వద్దు, పాత పాత్రల రాగి అసలే వద్దు.

కనీసం 10 మిల్లీగ్రాముల తేడా చూపే తక్కెడ, ఎర్ర బంగారానికే కేటాయించిన మూస, వెలిగారం, బొగ్గు పొడి, కలపడానికి గ్రాఫైట్ పుల్ల, ఇనుప అచ్చు, పటకారు, కళ్లకు రక్షణ అద్దాలు. వేడి కొలిచే థర్మోకపుల్ మీటరు ఉంటే మేలు, లేకపోయినా పని సాగుతుంది. ఇక ముఖ్యమైనది, అందరూ తేలిగ్గా తీసుకునేది: కనీసం అయిదు లీటర్ల చన్నీళ్లున్న బకెట్టు. అది మీ చేతికి ఒక అడుగు దూరంలో ఉండాలి. గదికి ఆ మూల ఉన్న బకెట్టు లేనట్టే లెక్క.

పని వరుస

1. ముందు లెక్క వేసుకోండి. 750 హాల్‌మార్క్ ముద్రకు పంపే వస్తువులో శుద్ధత 750కి తగ్గకూడదు. అందుకే నేను 752కు గురి పెడతాను. 999 బంగారం 10 గ్రాములు తీసుకుంటే రాగి 3.28 గ్రాములు. 995 బంగారమైతే రాగి 3.23 గ్రాములు. లెక్క ఇలా: బంగారం బరువును దాని శుద్ధతతో హెచ్చించి 752తో భాగిస్తే మొత్తం మిశ్రమం బరువు వస్తుంది. అందులోంచి బంగారం బరువు తీసేస్తే మిగిలింది రాగి. పాత 22 క్యారెట్ల నగను కరిగించి దానికే రాగి కలపాలనుకుంటే ఆగండి. ఆ నగలో వెండి ఎంతో, జింకు ఎంతో, టంకంలో కాడ్మియం ఉందో లేదో మీకు తెలియదు. కాడ్మియం పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ముందు దాన్ని శుద్ధి చేయించి, మేలిమిగా మార్చుకున్నాకే వాడండి.

కళాశాల విద్యార్థులకు ఇక్కడ ఒక హెచ్చరిక. బంగారం, రాగి ప్రావస్థా పటంలో (ఏ పాళ్ల మిశ్రమం ఏ వేడిలో ఏ రూపంలో ఉంటుందో చూపే పటం) 18 క్యారెట్ల చోటు గుర్తించేటప్పుడు అడుగు గీత మీద బరువు శాతం ఉందో, పరమాణు శాతం ఉందో ముందు చూడండి. పరమాణు శాతం గీత మీద 75 దగ్గర పెన్సిల్ పెడితే మీరు వేరే మిశ్రమం గురించి చదువుతున్నట్టే. సరైన చోటు 50కి కొంచెం పక్కన. పరీక్షల్లోనూ, పనిలోనూ నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే.

2. కరిగించండి. మూసలో అడుగున రాగి, పైన బంగారం వేసి, వెలిగారం చల్లండి. బంగారం 1064 డిగ్రీల దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. కలిశాక మాత్రం రెండింటికన్నా ముందే, 900 డిగ్రీలకు కొంచెం పైన ద్రవమవుతుంది. అందువల్ల రాగి కరగలేదేమోనని మంట విపరీతంగా పెంచనక్కర్లేదు, కరిగిన బంగారమే రాగిని తనలోకి లాక్కుంటుంది. మంటలో గాలి తక్కువగా, గ్యాసు కొంచెం ఎక్కువగా ఉంచండి. గాలి ఎక్కువైతే రాగి ఆక్సైడ్ పుట్టి లోహంలో కలుస్తుంది, అది మరో రకం పెళుసుదనానికి దారి తీస్తుంది. పైన చిటికెడు బొగ్గు పొడి వేసి, గ్రాఫైట్ పుల్లతో బాగా కలపండి. ఇనుప పుల్లతో కలపకండి.

3. అచ్చులో పోయండి. అచ్చు పొడిగా, చేయి పెట్టలేనంత వెచ్చగా ఉండాలి. తడి అచ్చులో పోస్తే లోహం ఎగిరి మీదపడుతుంది. లోపల పలచగా నూనె పూసి ఉంటే కడ్డీ సులువుగా జారుతుంది.

4. కడ్డీని నీట ముంచండి. దీన్ని తొందరపడి చేయకండి, ఆలస్యమూ చేయకండి. మెరిసే ఎరుపు తగ్గి ముదురు ఎరుపుకు వచ్చేదాకా ఆగండి. మరీ వేడిగా ముంచితే ఆ కుదుపుకే పగుళ్లు రావచ్చు. ముదురు ఎరుపులో ఉండగానే పటకారుతో తీసి బకెట్టులో వేసి అటూ ఇటూ కదపండి.

థర్మోకపుల్ లేనివారికి మంచి కొలత మన కన్నే. లోహం నీడలో ఎర్రగా కనిపించడం సుమారు 525 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఎరుపు కనిపిస్తున్నంతసేపు మీరు 410కి పైనే ఉన్నారు. ఎరుపు మాయమైందంటే మీకు మిగిలింది వంద డిగ్రీల చిల్లర. చిన్న ముక్కకు అది కొద్ది క్షణాలే. అయితే ఈ లెక్క నీడకే. మన గంజాం, రాయగడ వైపు వేసవిలో అరుగు మీద, వెలుతురులో కూర్చుని పని చేస్తే ఆ ముదురు ఎరుపు కంటికి ఆనదు. లోహం 600 డిగ్రీల దగ్గరున్నా చల్లారినట్టే కనిపిస్తుంది. "ఎరుపు రాలేదు, ఇంకా కాల్చాలి" అనుకుని అంచులు కరిగించేవారు కొందరు. కిటికీ మూసి, గది మసక చేసుకుని కాల్చండి. ఉక్కపోతే నిజమే, కాని కాల్చే పని కాసేపే.

5. సాగగొట్టండి. దాగలి మీద సుత్తితోనైనా, మిల్లులోనైనా, మందం దాదాపు సగానికి వచ్చేవరకు ముంచిన కడ్డీ చక్కగా సాగుతుంది. ఆపైన బలవంతం చేయకండి. కమ్మచ్చులో తీగ లాగేటప్పుడు తీగ బిరుసెక్కుతున్నట్టు చేతికి తెలుస్తుంది. అక్కడే ఆగి మెత్తబరచండి.

6. మెత్తబరచండి. మసక గదిలో ముదురు ఎరుపు వచ్చేదాకా, అంటే 600 డిగ్రీల చుట్టుపక్కలకు, ముక్క అంతటా ఒకేలా కాల్చండి. రెండు మూడు నిమిషాలు ఆ ఎరుపులోనే నిలపండి. వెంటనే నీళ్లలో వేయండి. పటకారుతో పట్టుకుని పరీక్షగా చూడటం, చల్లటి దాగలి మీద ఒక్క క్షణం పెట్టడం, బొగ్గు మీదే వదిలి మంట ఆర్పడం వద్దు. పొడవాటి తీగను చుట్టగా చుట్టి కాల్చండి, లేకపోతే ఒక కొన ముంచేలోపు రెండో కొన 410 కిందికి జారిపోతుంది. ఒకే తీగలో ఒక చోట మెత్తగా, ఒక చోట పెళుసుగా ఉందని చెప్పేవారి ఇబ్బంది ఇదే.

నీళ్లకు బదులు ఆమ్లంలో నేరుగా ముంచే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దయచేసి మానండి. ఆ తుంపరలు కళ్లలో పడతాయి, ఆవిరి ఛాతీలోకి పోతుంది. నీళ్లలో ముంచాక, నల్లబడిన పై పొర పోవడానికి చింతపండు నీళ్లలోనో, పలచని గంధకామ్లంలోనో విడిగా ఉడికించండి. ఆమ్లాన్ని ఎప్పుడూ నీళ్లలోకే పోయాలి. కట్టుకు వాడిన ఇనుప తీగను ముందే తీసేయండి. అది ఆమ్లంలో పడితే బంగారం మీద రాగి పూత ఎక్కుతుంది.

7. టంకం వేయండి. ఇక్కడే ఎక్కువ వస్తువులు పోతాయి. అప్పటివరకు శ్రద్ధగా ముంచినవారు కూడా టంకం వేశాక వస్తువును పక్కన పెట్టేస్తారు. అతుకు ఆరిందో లేదో చూద్దామని ఆగుతారు. అతుకు గట్టిపడటానికి కొన్ని క్షణాలు చాలు, ఎరుపు ఇంకా ఉండగానే ముంచండి. కాడ్మియం లేని 18 క్యారెట్ల టంకమే కొనండి.

లోపల బోలుగా, అన్ని వైపులా మూసుకుపోయిన గుండ్లను మాత్రం నేరుగా ముంచకండి. అతుకులో సన్నని సందున్నా నీరు లోపలికి పోయి, తర్వాతి కాల్పులో ఆవిరై గుండును పేల్చేస్తుంది. ముందే చిన్న రంధ్రం వదలండి, చివర మూయండి.

8. రాళ్లు చివర పొదగండి. రాళ్లున్న వస్తువును కాల్చి ముంచితే రాళ్లు పగులుతాయి, కాల్చి వదిలేస్తే బంగారం పగులుతుంది. అందుకే కాల్పులన్నీ అయ్యాకే పొదుగు. లక్క కరిగించే వేడితో భయం లేదు.

9. చివర కావలసినంత గట్టిదనం ఇవ్వండి. మనల్ని ఏడిపించిన ఈ గుణమే ఇక్కడ పనికొస్తుంది. గొలుసు కొక్కేలు, చెవిపోగు కమ్మీలు మెత్తగా ఉంటే వంగిపోతాయి. పని పూర్తయిన వస్తువును, నీట ముంచి మెత్తగా ఉన్న స్థితిలో, 280 డిగ్రీల చుట్టుపక్కల ఓవెన్లో పెడితే పరమాణువులు కొంతమేరకే వరుస కట్టి, లోహం బాగా గట్టిపడుతుంది. పావుగంటతో మొదలుపెట్టండి. ముందు అదే రేకు నుంచి కత్తిరించిన నమూనా ముక్కలు మూడు పెట్టి, ఒకటి పావుగంటకు, ఒకటి అరగంటకు, ఒకటి గంటకు తీసి వంచి చూడండి. మీ ఓవెనుకు, మీ మందానికి సరిపోయే వ్యవధి ఆ ముక్కలే చెబుతాయి. వేడి ఎక్కువసేపు తగిలితే మళ్లీ పెళుసే. సన్నని రేకు పని అయితే వంకర పోవచ్చు కూడా. ఉంగరాలకు, వంచవలసిన వాటికి ఈ మెట్టు వదిలేసినా నష్టం లేదు.

సరిగా వచ్చిందో లేదో చూడటం

ప్రతి కరుగులోంచీ ఒక మిల్లీమీటరు మందం తీగ ముక్కలు రెండు తీయండి. రెండింటినీ ఒకేసారి ఎర్రగా కాల్చి, ఒకటి నీట ముంచండి, రెండోది బూడిదలో వదలండి. పూర్తిగా చల్లారాక రెండింటినీ చేత్తో వంచండి. ముంచినది మాట వింటుంది, వంచిన చోటే నిలుస్తుంది. వదిలినది స్ప్రింగులా వెనక్కి తంతుంది, ఇంకా ఒత్తితే చిట్లుతుంది. ఉక్కు సూదితో ఒకే ఒత్తిడితో గీయండి, ముంచినదాని మీద గీత లోతుగా పడుతుంది. ఈ తేడాను ఒకసారి వేళ్లతో తెలుసుకుంటే ఇక మరచిపోరు.

ప్రయోగశాల అందుబాటులో ఉన్న విద్యార్థులు ఇదే తీగల విద్యుత్ నిరోధం కొలవండి. వరుసగా సర్దుకున్న లోహంలో కరెంటుకు అడ్డు తక్కువ. బాగా నెమ్మదిగా, గంటల తరబడి చల్లార్చిన తీగ నిరోధం ముంచినదానిలో సగానికి లోపే ఉంటుంది. 1916లో రష్యాలో కుర్నకోవ్ బృందం ఈ మార్పులను గుర్తించింది ఇలాంటి కొలతలతోనే. ఎక్స్ కిరణాలతో ఆ వరుసలను స్వీడన్‌కు చెందిన జోహాన్సన్, లిండే 1925లో చూపారు. తీగ పొడవు, మందం రెండింటికీ ఒకటే ఉండాలి. మామూలు మల్టీమీటరు ఇంత చిన్న నిరోధాన్ని పట్టలేదు, నాలుగు తీగల పద్ధతి వాడండి.

పగిలిన ముక్కను చదవడం

అన్ని పగుళ్లకూ నీటి బకెట్టు మందు కాదు. భూతద్దం తీసుకుని పగులు లోపలి ముఖం చూడండి.

అచ్చులోంచి తీసి సరిగా ముంచిన కడ్డీయే మొదటి దెబ్బకు ముక్కలైతే సీసం అనుమానించండి. వెయ్యిలో ఒక వంతు కన్నా తక్కువ సీసం కలిసినా బంగారం చెడుతుంది. సీసం టంకం వాడిన బల్ల మీది ఆకురాయి పొడి కలిసినా చాలు. దానికి శుద్ధి తప్ప దారి లేదు.

పగులు లోపల నల్లగా, ముదురు ఎరుపుగా మచ్చలుంటే అది రాగి ఆక్సైడ్. బొగ్గు పొడి కింద, గ్యాసు మంటతో మళ్లీ కరిగించండి.

మొదట బాగా సాగి, మెత్తబరచాకనో టంకం వేశాకనో పగిలితే, పగులు ముఖం శుభ్రంగా, రేణువుల అంచులు మెరుస్తూ కనిపిస్తే, అదే మన వరుసల సమస్య.

ఇంకో సందేహం తరచు వస్తుంది. కంచు పళ్లేలు చేసేవారు కూడా ఎర్రగా కాల్చి నీట ముంచుతారు కదా, అదీ ఇదీ ఒకటేనా? చేసే పని ఒకటే, కారణం వేరు. నూటికి 22 పాళ్ల తగరమున్న కంచు నెమ్మదిగా చల్లారితే అందులో పెళుసైన మరో ప్రావస్థ, అంటే వేరే అమరిక ఉన్న లోహ రూపం, పుట్టుకొస్తుంది. ముంచడం దాన్ని ఆపుతుంది. ఇత్తడి సంగతి మరోలా ఉంటుంది. రాగి, జింకు దాదాపు సగం సగం ఉన్న ఇత్తడిలో కూడా 460 డిగ్రీల దగ్గర పరమాణువులు వరుస కడతాయి, కాని అంత వేగంగా కడతాయి కాబట్టి నీళ్లు వాటిని ఆపలేవు. ఒక లోహానికి పనికొచ్చిన మందును పరీక్షించకుండా మరోదానికి వాడకండి.

ముంచడం కుదరని పనికి

వస్తువు ఆకారం వల్ల ముంచడం నిజంగా వీలుకాకపోతే మిశ్రమాన్నే మార్చండి. 75 పాళ్ల బంగారానికి రాగి 20.5, వెండి 4.5 కలిపితే ఎరుపు ఇంచుమించు అలాగే ఉంటుంది, అయితే దీన్నీ ముంచాల్సిందే. రాగి 16, వెండి 9 అయితే గులాబీ రంగు వస్తుంది, ముంచడంలో కొంచెం ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది. రాగి, వెండి చెరి 12.5 అయితే పసుపు రంగు వస్తుంది, గాలిలో చల్లార్చినా సాధారణంగా పగలదు. కొనేవారికి ఎరుపే కావాలంటే చివరిది పనికిరాదు, ముందే చెప్పి ఒప్పించండి.

మీ దగ్గర ఇప్పటికే బిరుసెక్కి, ఇంకా పగలని వస్తువు ఉంటే దాని మీద సుత్తి వేయకండి, వంచి చూడకండి. నెమ్మదిగా, అంతటా సమంగా ముదురు ఎరుపుకు కాల్చి, మూడు నిమిషాలు నిలిపి, నీట ముంచండి. 410 దాటగానే వరుసలు చెదిరిపోతాయి, మెత్తదనం తిరిగి వస్తుంది. జుట్టు సన్నం పగులు ఒక్కటి పడినా ఈ చికిత్స దాన్ని అతకదు. దాన్ని టంకంతో కప్పి అమ్మకండి, మూసలో వేసి మళ్లీ కరిగించండి.